కెప్టెన్ పార్కర్ తుపాకి, ప్రిన్స్ ఎస్టాబ్రూక్ పేరు

(నెలవారీ అధ్యయన సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సభల ఒక తమ్ముడు లేచి అడిగిండు: "కొట్లాట గెలిచినంక కొట్లాడినోళ్ల ఇండ్లు ఏమైతయి?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడ పూర్తిగ లేదు. కాని ఒక ఇంటి కథ చదువుకొని వచ్చినం. అది మన ఇల్లు కాదు, మన దేశం కాదు. అమెరికాల మసాచుసెట్స్ అనే తావుల, లెక్సింగ్టన్ అనే పల్లెటూరి కథ. ఇంటి పెద్ద పేరు జాన్ పార్కర్. ఊరి మిలీషియాకు కెప్టెన్.

మిలీషియా అంటె మన పేపర్లల్ల చదివే మిలీషియా అనుకోవద్దు. జీతం తీసుకునే సైన్యం కూడ కాదు. ఇంగ్లండు రాజు కింద ఉన్న ఆ వలస రాజ్యంల ఊరి మొగోళ్లంత పేరు రాయించుకొని, ఎవరి తుపాకి వాళ్లు తెచ్చుకొని కవాతు నేర్చుకోవాలె. అది చట్టం. 1775 నాటికి రాజు పెట్టిన అధికారులను పక్కకు నెట్టి, ఊరోళ్లే తమ కెప్టెన్లను ఎన్నుకుంటున్నరు. లెక్సింగ్టనోళ్లు పార్కర్‌ను ఎన్నుకున్నరు.

ఎవరీ పార్కర్? 1729 జూలై 13న పుట్టిండు. ఎవుసం చేసేటోడు, దాంతో పాటు బండి గిర్రలు, కొయ్య సామాను చేసే వడ్ల పని. 1755ల లిడియా మూర్‌ను పెండ్లి చేసుకున్నడు. ఏడుగురు పిల్లలు. 1775 నాటికి ఆయనకు 45 ఏండ్లు, రొమ్ముల క్షయ. దగ్గుకుంట నిలబడ్డ మనిషి ఆయన. ఇవ్వాళ లెక్సింగ్టన్ మైదానంల 1900ల నిలబెట్టిన విగ్రహం ఉన్నది. కండలు తిరిగిన పడుచు పిలగాడు తుపాకి పట్టుకొని నిలబడి ఉంటడు. జనం దాన్ని కెప్టెన్ పార్కర్ అంటరు. పార్కర్ మొఖం ఎట్లుంటదో చూపే బొమ్మ ఒక్కటి కూడ లేదు. విగ్రహాలు చేసేటోళ్లకు అన్నిచోట్ల క్షయ రోగి పనికిరాడు.

1775 ఏప్రిల్ 18 రాత్రి బోస్టన్ నుంచి రాజు సైన్యం, సుమారు 700 మంది, కాంకర్డ్‌ల దాచిన మందుగుండు పట్టుకునేందుకు బయలెల్లింది. పాల్ రివేర్ గుర్రం మీద వచ్చి లెక్సింగ్టన్‌కు కబురు చెప్పిండు. గంట కొట్టిండ్రు. పార్కర్ చీకట్ల ఇంటి నుంచి మైదానానికి వచ్చిండు. మంది జమైండ్రు, మాట్లాడుకున్నరు. సైన్యం ఎంతకూ రాకపాయె. చలికి కొందరు ఇండ్లకు పోయిండ్రు, కొందరు పక్కనున్న బక్‌మన్ సత్రంల కూసున్నరు. తెల్లారే జాముల మళ్ల డప్పు మోగింది. వరుసల నిలబడ్డది డెబ్బై, ఎనభై మంది. అందుల పార్కర్ చుట్టపోళ్లు ఎంతో మంది. పెదనాయిన కొడుకులు, బామ్మర్దులు, పక్కింటోళ్లు.

మొదటి తూటా ఎవరిదో ఇయ్యాల్టికి తేలలేదు. కొన్ని నిమిషాల్ల అంత అయిపోయింది. ఎనిమిది మంది చచ్చిపోయిండ్రు, పది మందికి గాయాలు. చచ్చినోళ్లల్ల జోనస్ పార్కర్ ఒకడు, కెప్టెన్‌కు అన్న వరుస. తూటా తగిలి కింద పడ్డడు. అయినా జాగ మీద నుంచి కదలలేదు. బాయినెట్టుతోటి పొడిచి చంపిండ్రు.

ఇక్కడ మేము జర ఆగుతం. ఎందుకంటె కథ అతుకులు పడ్డది ఇక్కడే.

ఆ ఘటన అయిన ఆరు రోజులకు, ఏప్రిల్ 25న, పార్కర్ ప్రమాణం మీద వాంగ్మూలం ఇచ్చిండు. అందుల ఆయన చెప్పింది సాదాగ ఉంటది. సైన్యం మనల్ని గెలుకకుంటె మనం వాళ్ల జోలికి పోవద్దని ముందే అనుకున్నం; వాళ్లు మీదికి రాంగనె చెదిరిపోండ్రి, కాల్చకుండ్రి అని నేనే హుకుం ఇచ్చిన; అయినా కాల్చిండ్రు, ఎనిమిది మందిని చంపిండ్రు. అంతే. కాని లోకానికి తెలిసిన మాట ఇది కాదు. నిలబడుండ్రి, వాళ్లు కాల్చేదాక కాల్చకుండ్రి, యుద్ధమే కావాలనుకుంటె ఇక్కడే మొదలు కానీ అని పార్కర్ అన్నడని బండరాయి మీద చెక్కిండ్రు. ఆ మాట ఆయన దండుల సార్జెంటుగ చేసిన విలియం మన్రో యాది. 1822ల ఆ పోరును ఆటగ ఆడి చూపించినప్పుడు ముసలి మన్రోనే పార్కర్ వేషం కట్టి ఆ మాట అన్నడు. నలభై ఏడేండ్ల తర్వాత!

బొమ్మలు చూసినా అంతే. 1775ల అమోస్ డూలిటిల్ చెక్కిన బొమ్మల ఊరోళ్లు చెదిరిపోతున్నరు, ఎవ్వరు తిరిగి కాలుస్తలేరు. 1886ల హెన్రీ శాండమ్ గీసిన బొమ్మల ఛాతి ఎదురుపెట్టి కాలుస్తున్నరు. నడుమ ఏం జరిగింది? లెక్సింగ్టన్‌కు, కాంకర్డ్‌కు పంచాది పడ్డది. మొదట కొట్లాడింది మేమంటె మేమని. 1824, 25ల బతికున్న ముసలోళ్లను పిలిచి, మేము తిరిగి కాల్చినమని వాంగ్మూలాలు తీసుకున్నరు. మన జిల్లాలల్ల ఉద్యమం మా కాన్నే మొదలైందని జరిగే పంచాదులు యాదికొస్తున్నయి గదా. నవ్వుండ్రి, పర్వాలేదు.

పార్కర్‌కు మచ్చ తెచ్చేటందుకు ఇది చెప్తలేము. చెదిరిపోండ్రి అన్న మాటనే మాకు పెద్దగ అనిపిస్తది. తన చుట్టపోళ్లను ఊకె చంపుకోవద్దని చూసిండు. పొద్దుగాల శవాలను చూసిన ఆ మనిషే మధ్యాహ్నం మిగిలినోళ్లను మళ్ల జమచేసి, కాంకర్డ్ నుంచి మర్లి వస్తున్న సైన్యం మీద లింకన్ ఊరి పొలిమేర కాడ మాటుగాసి కాల్పించిండు. గాయపడ్డోళ్లు కూడ కొందరు కట్లు కట్టుకొని వచ్చిండ్రు. అటెన్క కేంబ్రిడ్జి పోయిండు. జూన్‌ల బంకర్ హిల్ యుద్ధం నాటికి రోగం ముదిరింది. సెప్టెంబర్ 17న చచ్చిపోయిండు. ఆయన కెప్టెన్‌గ పోరు చూసింది ఒక్క రోజు. స్వాతంత్ర్య ప్రకటన సుత చూడలేదు.

లిడియా ఏడుగురు పిల్లలతోటి మిగిలింది. కొడుకు జాన్‌కు అప్పటికి 14 ఏండ్లు. ఆమె మళ్ల పెండ్లి చేసుకున్నది. జాన్ పెద్దగై అదే భూమి మీద ఎవుసం చేసిండు, తండ్రి లెక్కనే గిర్రలు, నీళ్ల పంపులు చేసిండు. లిడియా గురించి పుస్తకాలల్ల నాలుగు వాక్యాలకు మించి లేవు. మేము వెతికినం. కెప్టెన్ల పెండ్లాల గురించి ఎక్కడైనా ఇంతే రాస్తరు.

జాన్‌కు పదకొండు మంది సంతానం. కడగొట్టు పిలగాడు 1810ల పుట్టిన థియోడోర్. తాతను చూడలేదు, కాని ముసలి నాయనమ్మ ఉన్న ఇంట్లనే పెరిగిండు. లెక్సింగ్టన్ మైదానంల 1799ల కట్టిన అమరుల స్తూపం ఉన్నది. ఒక ఆదివారం తల్లి తనను ఎత్తుకొని, ఆ స్తూపం మీద స్వేచ్ఛ గురించి, మనుషుల హక్కుల గురించి చెక్కిన మాటలు చదివించిందని ఆయన రాసుకున్నడు. పెద్దగై బోస్టన్‌ల పాస్టర్ అయిండు. తాత తుపాకులు రెండు ఆయన చదువుకునే గదిల ఉండేటివి. ఒకటి తాతది, ఇంకోటి ఆ రోజు రాజు సైన్యం కాడ పట్టుకున్నది.

1850ల అమెరికా సర్కారు ఒక చట్టం తెచ్చింది. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పజెప్పాలె, సాయం చేసినోళ్లకు శిక్ష. ఎలెన్, విలియం క్రాఫ్ట్ అని ఇద్దరు భార్యాభర్తలు 1848ల జార్జియా నుంచి తప్పించుకొని బోస్టన్ చేరిండ్రు. ఎలెన్ తోలు తెల్లగ ఉండేది. తెల్ల దొర కొడుకు వేషం కట్టింది, భర్త ఆమెకు నౌకరు వేషం కట్టిండు. రైళ్లల్ల, ఓడలల్ల దొర లెక్క కూసోని వచ్చిండ్రు. వాళ్లను పట్టుకునేందుకు మనుషులు బోస్టన్ రాంగనె థియోడోర్ ఎలెన్‌ను తన ఇంట్ల దాచిండు. బల్ల మీద ఆయుధం పెట్టుకొని ఆదివారం ప్రసంగాలు రాసుకున్నడు. నవంబర్‌ల వాళ్లిద్దరికి చట్టబద్ధంగ పెండ్లి చేసి, విలియం చేతుల బైబిలు, దాంతో పాటు కత్తి పెట్టిండు. తాత రాజు సైన్యం ముంగట నిలబడ్డడు. మనుమడు తాత తరం తెచ్చుకున్న సొంత సర్కారు ముంగట నిలబడ్డడు. ఆయనను సుత దేవుణ్ణి చెయ్యొద్దు. నల్లోళ్ల తెలివి గురించి ఆయన రాతలల్ల చదవలేని మాటలున్నయి.

థియోడోర్ 1860ల ఇటలీల చచ్చిపోయిండు. తుపాకులు మసాచుసెట్స్ రాష్ట్రానికి రాసిచ్చిండు. ఇప్పుడు అవి అక్కడి సెనెట్ హాలు గోడకున్నయి.

ఇగ ఇంకొక మనిషి. 1775 ఏప్రిల్ 19 పొద్దుగాల పార్కర్ వరుసల ప్రిన్స్ ఎస్టాబ్రూక్ నిలబడి ఉండె. నల్ల మనిషి, అదే ఊర్ల బెంజమిన్ ఎస్టాబ్రూక్ ఇంట్ల బానిస. ఇంటి పేరు కూడ దొరదే. భుజంల తూటా దిగింది. ఆ రోజులల్లనే అచ్చైన గాయపడ్డోళ్ల జాబితల ఆయన పేరు పక్కన నీగ్రో మనిషి అని రాసిండ్రు. మిగిలినోళ్ల పక్కన ఏం రాయలే. మానినంక సైన్యంల చేరిండు, యుద్ధం అయిపోయేదాక ఉన్నడు. 1783ల కోర్టు తీర్పులతోటి మసాచుసెట్స్‌ల బానిసత్వం కూలిపోయేదాక, ఎవరి స్వేచ్ఛ కోసం నెత్తురు కార్చిండో ఆ స్వేచ్ఛ ఆయనకు చట్టంల లేదు. 1799 స్తూపం మీద చచ్చిపోయినోళ్ల పేర్లే రాసిండ్రు కాబట్టి అందుల ఆయన పేరు లేకపోవుడు తప్పు కాదు. కాని బక్‌మన్ సత్రం ముంగట ఆయన పేరు మీద ఒక రాయి నిలబెట్టేసరికి 2008 అయింది. 233 ఏండ్లు.

మన రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. 1969ల లాఠీదెబ్బలు తిన్నోళ్లు ముసలోళ్లైండ్రు, కొందరు పోయిండ్రు. మన ఊర్ల స్తూపం మీద ఎవరి పేర్లున్నయో మీకు తెల్సు. రాస్తారోకోల నాడు వంట చేసిందెవరు, డప్పు కొట్టిందెవరు, జైలుకు పోయి వచ్చినంక పని దొరకనిదెవరికి? అది కూడ మీకు తెల్సు, మాకు పూర్తిగ తెల్వదు. అందుకే ఆ దర్వాజ కాడ బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టినం. ఇంటికి పోయే ముందట మీకు యాదికున్న పేరు, వాడ, ఏ సంవత్సరం అనేది రాయించుండ్రి. రాయరాకపోతె చెప్పుండ్రి, మా పిలగాండ్లు రాసుకుంటరు.

జై తెలంగాణ.