చుక్కల వెనక ముఖం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు చెప్పు, కానీ మాకు అర్థం కావాలి" అని కార్యదర్శి షరతు పెట్టాడు. డిజిటల్ బొమ్మలను శుభ్రం చేయడమే ఇన్నేళ్లూ నా పని. ఒక్క బొమ్మ సంగతి చెబుతాను.

1979లో మన కబడ్డీ జట్టు జిల్లా పోటీల్లో గెలిచినప్పుడు పత్రికలో ఫొటో వేశారు. ఏడుగురం. చివర నిలబడ్డవాడు తర్వాత రెండేళ్లకే పోయాడు. ఇంట్లో వాడి ఫొటో ఇంకొకటి లేదు. తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడింది. పోయిన ఏడాది వాడి చెల్లెలు ఆ పత్రిక ముక్క పంపి, "అన్నయ్యా, మా అన్న ముఖం ఒక్కటీ పెద్దది చేసిస్తావా?" అంది.

పెద్దది చేస్తే ముఖం పోయి చుక్కలు మిగిలాయి. పత్రికలో ఫొటో అంటే సిరా చుక్కలే కదా. నలుపు కావాల్సిన చోట పెద్దవి, తెలుపు కావాల్సిన చోట చిన్నవి. ఇందులో అంగుళానికి 85 వరుసలు, 45 డిగ్రీల ఏటవాలులో ఉన్నాయి. 600 పిక్సెళ్ల స్కాన్‌లో చుక్కకీ చుక్కకీ మధ్య ఏడు పిక్సెళ్లు.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. ప్రతి పిక్సెల్‌నీ దాని ఇరుగుపొరుగుతో కలిపి సగటు తీయడం. దీన్నే స్మూతింగ్ అంటాం. 5×5 గడితో చేస్తే చుక్కలు కదల్లేదు. 11×11 చేస్తే చుక్కలు పోయాయి, వాటితోపాటు మనవాడూ పోయాడు. బిళ్లంగోడు ఆడుతూ వాడి ఎడమ కనుబొమకు తగిలిన గాటు మీలో కొందరికి గుర్తుండాలి. అది మాయమైంది. సగటుకి చుక్కా తెలియదు, గాటూ తెలియదు.

ఇందాక మన మైకు కూసింది, గమనించారా? ఆపరేటర్ మొత్తం సౌండు తగ్గిస్తే హెడ్మాస్టారి మాట కూడా వినపడలేదు. తర్వాత కూస్తున్న ఆ ఒక్క స్థాయినే తగ్గించాడు, మాట నిలబడింది. బొమ్మకూ అదే చేయవచ్చు. ఎంత సంక్లిష్టమైన ఆకారమైనా అలల మొత్తమేనని ఫూరియే 1822లో ఉష్ణప్రసరణ మీద రాసిన పుస్తకంలో చూపించాడు. 1965లో కూలీ, టూకీ వేగవంతమైన లెక్కింపు పద్ధతి ప్రచురించాక అది కంప్యూటర్లకు రోజువారీ పని అయింది. 1969లో మారినర్ 6 పంపిన అంగారకుడి బొమ్మలో ఇలాంటి క్రమబద్ధమైన అంతరాయాన్ని తొలగించడం మా పాఠ్యపుస్తకాల్లో చూపే ఉదాహరణ.

మన ఫొటోకి ఫూరియే పరివర్తన చేస్తే తెర మీద నక్షత్రాల్లా కొన్ని మెరుపులు, ఏటవాలుగా, జతలు జతలుగా కనిపించాయి. ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే చుక్కలన్నీ అక్కడ పోగుపడ్డాయి. ఆ నాలుగైదు జతలనీ చెరిపి బొమ్మను వెనక్కి తెచ్చాను. చెరిపేటప్పుడు అంచులు మెత్తగా తగ్గించాలి. కత్తితో కోసినట్టు కోస్తే ముఖం చుట్టూ నీటిలో రాయి వేసినట్టు వలయాలు వస్తాయి. మధ్యలోని మెరుపును ముట్టుకోకూడదు, అది బొమ్మ మొత్తం సగటు వెలుగు. కొత్తలో ఒకసారి దాన్నే చెరిపి, బొమ్మ నల్లబడితే మానిటర్ చెడిపోయిందనుకున్నాను!

నిజానికి సగటు తీయడమూ ఫూరియే భాషలో ఒక వడపోతే. సన్నని వివరాలన్నిటినీ కలిపి అణిచేస్తుంది. ఇక్కడ మాత్రం దేన్ని అణచాలో చూసి ఎంచుకుంటాం. అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. చెదిరిన దుమ్ము మచ్చలకు పొరుగు పిక్సెళ్లలో మధ్య విలువ తీసుకునే మీడియన్ పద్ధతే మేలు. కాగితం మడత గీతకు రెండూ పనికిరాలేదు.

చుక్కలు పోయాక కనుబొమ మీద సన్నని నీడ తేలింది. గాటే. మా అబ్బాయి కృత్రిమ మేధతో ఇంకో బొమ్మ చేసిచ్చాడు. నిగనిగలాడే ముఖం, నిండు కనుబొమ. ఎవరో అందమైన కుర్రాడు. ఏది ఏదని చెప్పకుండా రెండూ ఆమె ముందు పెట్టాను. మసకదాన్నే తీసుకుని, కనుబొమ మీద వేలు పెట్టి, "ఆ రోజు అమ్మ పసుపు అద్దింది" అంది.

ఆ ప్రింటు వెనక హాల్లో ప్రదర్శనలో ఉంది. భుజం మీదుగా పోయిన మడత గీతను అలాగే ఉంచాను.