ఝారి నడిచే తొవ్వ
(లక్సెట్టిపేటలో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ‘సంస్కృతి – యువత’ అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట పట్టుకుని మాట్లాడితే పది నిమిషాలకు మీరంతా ఫోన్లు బయటికి తీస్తారు. అందుకని మీకు ఇష్టమైన దాని మీదనే మాట్లాడుతా. టూర్లు. వానాకాలం రాగానే ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని జలపాతాలకు, గుట్టలకు, గుళ్లకు పోతున్నాం కదా, దాని గురించి.

ముందే ఒక మాట చెప్తా. నేను టూర్లు వద్దనే మనిషిని కాదు. పొద్దంతా చేన్లో వంగి పనిచేసే అమ్మ, ఏడాదికి ఒక్కరోజైనా కారు కిటికీ పక్కన కూర్చుని గాలి పీల్చుకుంటే అంతకన్నా ఏం కావాలి? సెల్ఫీలు కూడా దిగండి. నా బాధ వేరే. మనం మన సొంత ఊళ్ల మీదుగా పోతూ, మన సొంత దేవుళ్ల ముందు నుంచి పోతూ, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ల లెక్క చూసి వస్తున్నాం. వాళ్లకు అది ‘స్పాట్’. మనకు ఏమవుతుంది?

లక్సెట్టిపేట నుంచి బయలుదేరే తొవ్వ ఒకసారి మనసులో పెట్టుకోండి. దండేపల్లి, జన్నారం, ఇంధన్‌పల్లి, అక్కడి నుంచి కవ్వాల్ అడవి లోపలి నుంచి ఉట్నూరు. ఉట్నూరు దాటితే ఇంద్రవెల్లి, కేస్లాపూర్. అట్లా గుడిహత్నూర్ దగ్గర నాగ్‌పూర్ హైవే ఎక్కితే ఇచ్చోడ, నేరడిగొండ. నేరడిగొండ నుంచి లోపలికి పోతే కుంటాల జలపాతం. తిరుగు ప్రయాణం నిర్మల్, ఖానాపూర్, కడెం మీదుగా మళ్లీ జన్నారం. ఒక చుట్టు. మీలో సగం మంది ఈ చుట్టు తిరిగే ఉంటారు. ఇప్పుడు ఇదే చుట్టును నీళ్ల కండ్లతో చూడండి.

కుంటాలలో దూకేది కడెం వాగు. బోథ్ వైపు గుట్టల్లో పుట్టి, 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా పడి, అడవుల్లోంచి వచ్చి కడెం ప్రాజెక్టులో ఆగుతుంది. అక్కడి నుంచి వదిలితే గోదావరిలో కలుస్తుంది. గోదావరిలో కలిసినంక ఎక్కడికి వస్తుంది? జన్నారం మండలం కలమడుగు పక్క నుంచి, హస్తలమడుగు మీదుగా, మన లక్సెట్టిపేట వైపే వస్తుంది.

హస్తలమడుగు అనగానే మెస్రం ఇంటిపేరున్న పిల్లలు తల ఎత్తారు. చూశాను. మిగతావాళ్ల కోసం చెప్తా.

ప్రతి ఏడాది పుష్య మాసంలో మెస్రం వంశంవాళ్లు కేస్లాపూర్ నుంచి కాలినడకన హస్తలమడుగుకు వస్తారు. చెప్పులు లేకుండా, తెల్ల బట్టలు కట్టుకుని, ఊరూరా బస చేసుకుంటూ వస్తారు. ఝారి అనే ఇత్తడి పాత్రలో గోదావరి నీళ్లు నింపుకుని, దానికి తెల్లగుడ్డ చుట్టుకుని మళ్లీ నడిచే వెనక్కి పోతారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు. కేస్లాపూర్ దగ్గర మర్రిచెట్ల కింద దిగుతారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో నాగోబాకు అభిషేకం. జాతర మొదలు.

అంటే చూడండి. గుట్ట మీద కురిసిన వాన కుంటాలలో దూకి, కడెంలో ఆగి, గోదావరిలో కలిసి కిందికి వస్తుంది. కింది నీళ్లను మన మనుషులు ఝారిలో పట్టుకుని మళ్లీ గుట్టల మీదికి నడిపిస్తారు. మీరు కారులో తిరిగే చుట్టు, ఆ నీళ్లు తిరిగే చుట్టు దాదాపు ఒకటే. మనం ఒక్కరోజులో పెట్రోలు పోసుకుని తిరిగి వస్తాం. వాళ్లు రోజుల తరబడి నడుస్తారు. కుటుంబంతో కలిసి ప్రయాణం చేయడం మనకు యూట్యూబ్ నేర్పిందని ఎవరైనా అంటే ఈ నడక చూపించండి.

ఆ జాతరలో కుటుంబం అన్నది ఉత్తమాట కాదు. గోవాడ్ ప్రహరీ లోపల 22 పొయ్యిల మీద వండుతారు. ఎంతమంది వచ్చినా ఆ పొయ్యిల మీదనే, ఏ పొయ్యివాళ్లు ఆ పొయ్యి దగ్గరనే. సిరికొండ కుమ్మరి చేసిన మట్టికుండలు రావాలి. కొత్త కోడళ్లను నాగోబాకు చూపించాలి. దాన్ని భేటింగ్ అంటారు. తెల్లచీర కట్టుకుని, ముఖం మీద కొంగు కప్పుకుని, పెద్దల వెంట పోయి దేవునికి, వంశం పెద్దలకు మొక్కితేనే ఆ అమ్మాయి మెస్రం ఇంటి మనిషి అయినట్టు. కోడలు ఏ ఊరిది, ఎవరి బిడ్డ, ఏ పేన్ వాళ్లు, అన్నీ అక్కడ తెలుస్తాయి. చుట్టరికం లెక్క రాసుకునే పుస్తకం మనకు లేదు. ఆ రాత్రే మన పుస్తకం.

నాగోబా గుడి సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడున్న రాతి గుడిని మెస్రం వంశంవాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. గుడి ముందు నిలబడి ఫొటో దిగేటప్పుడు, ఆ స్తంభాల వెనుక ఎన్ని ఇళ్ల పత్తి పైసలు ఉన్నాయో ఒక్క నిమిషం ఆలోచించండి.

మళ్లీ తొవ్వ మీదికి వద్దాం. లక్సెట్టిపేట నుంచి మనవాళ్లు ఎక్కువగా పోయే గుడి ఏది? గూడెం గుట్ట సత్యనారాయణ స్వామి గుడి. తెలంగాణ అన్నవరం అంటారు. పెళ్లయిన కొత్తలో వ్రతం చేసుకోవడానికి మన ఇళ్లవాళ్లూ పోతారు. పోవడంలో తప్పు లేదు. కానీ అదే దండేపల్లి మండలంలో, అదే గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో ఉంది. దీపావళి ముందర దండారీ రోజుల్లో అక్కడికి పోయి చూడండి. ఉట్నూరు, జైనూరు, కెరమెరి నుంచే కాదు, మహారాష్ట్ర నుంచి కూడా గోండు కుటుంబాలు వస్తాయి. నెమలి ఈకల టోపీలు, గుమేలా డోలు, గుస్సాడీలు. అంత దూరం నుంచి వాళ్లు మన ఇంటి ముందుకు వస్తుంటే, ఇక్కడి పిల్లలకు కాకో గుడికి ఏ మూల మీద మలగాలో తెలియదు. ఈ హాల్లో చేతులు ఎత్తమని అడగను. అడిగితే మీకు, నాకు ఇద్దరికీ ఇబ్బంది.

దండారీ అంటే మీరు డాన్స్ అనుకుంటున్నారు. స్టేజీల మీద చూపించి చూపించి అట్లా చేశారు. అది అసలు ప్రయాణం. భోగితో మొదలై కోలాబోడితో ముగిసే ఆ రోజుల్లో ఒక ఊరి దండారీ ఇంకో ఊరికి చుట్టంగా పోతుంది. ముందు ఎడ్లబండ్ల మీద, కాలినడకన పోయేవాళ్లు. ఇప్పుడు డీసీఎంలు, ఆటోలు. బండి ఏదైనా పరవాలేదు. పోయిన ఊరివాళ్లు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, బువ్వ పెట్టి, రాత్రంతా కూర్చుంటారు. పెళ్లి సంబంధాలు కలుస్తాయి. పాత కయ్యాలు తెగుతాయి. మరుసటి ఏడాది వాళ్లు మన ఊరికి రావాలి. మన ప్రయాణానికి ఎప్పుడూ ఆ రెండో సగం ఉంటుంది. హోటల్లో దిగి బిల్లు కట్టి వస్తే ఆ సగం ఉండదు. జైనూరు మండలం మార్లవాయి నుంచి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చిందంటే, ఊరూరా చుట్టంగా పోయి ఆడిన ఆటకు వచ్చింది. ఆయన 2024లో పోయారు. మార్లవాయి పోతే అక్కడ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులు కూడా ఉన్నాయి. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి మార్లవాయి! ఆయన మన ఊళ్లలో ఉండి రాసిన పుస్తకాల కోసం దేశదేశాలవాళ్లు వెతుకుతారు. మన పిల్లలు ఉట్నూరు దాకా పోయి, ఆ మలుపు తిరగకుండా వెనక్కి వస్తారు.

జోడేఘాట్ గురించి నేను ఎక్కువ చెప్పను. కుమ్రం భీం 1940లో నేలకొరిగిన చోటు అది. మీకు తెలుసు. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కూడా బండి ఆపండి. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయింది మన తాతల వయసువాళ్లే. ఉట్నూరు మీదుగా కేస్లాపూర్ పోయే మన బండ్లు ఆ పక్క నుంచే పోతాయి.

ఇక జలపాతాల దగ్గరికి వస్తా. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతా, ఏమనుకోవద్దు.

కుంటాలలో ఇప్పటిదాకా చాలామంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది మీ వయసువాళ్లే. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. ఎందుకు? నీళ్లు పడే చోట బండలు వేల ఏండ్లుగా అరిగి నున్నగా అయ్యాయి. వాటి మీద నాచు. పడిన నీళ్లు బండల కింద గుంతలు తొలుస్తాయి, లోపల సుడి తిరుగుతాయి. పైనుంచి చూస్తే మోకాళ్ల లోతు అనిపిస్తుంది. ఇంకోటి, మీరు నిలబడ్డ చోట ఎండ కొడుతుండవచ్చు, కానీ పైన బోథ్ దిక్కున వాన పడితే వాగు ఒక్కసారిగా లేస్తుంది. కడెం వాగు బలం ఎంతో 2022 జూలైలో చూశాం. ప్రాజెక్టు కట్ట తెగుతుందేమో అని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంత పెద్ద కట్టనే వణికించిన వాగు, వీడియో కోసం బండ మీద నిలబడ్డ పిల్లవాణ్ణి చూసి ఆగుతుందా?

మన పెద్దలు ఆ నీళ్లను దేవుడన్నారు. కుంటాల గుహలో సోమేశ్వరుడు ఉన్నాడు, శివరాత్రికి జనం వస్తారు. శకుంతల పేరు మీదుగా కుంటాల అయిందని బయట కథ చెప్తారు. ఏ కథ నమ్మినా సరే, మడుగును దేవుడన్న మనిషి దానిలో చెప్పులతో దిగడు, తాగి దిగడు, సీసాలు పగలగొట్టడు. దండం పెట్టి ఒడ్డు మీద నుంచే నీళ్లు చల్లుకుంటాడు. భక్తి అనండి, తెలివి అనండి, ఆ మర్యాద పాటించినవాళ్ల ఇంట్లో శవం తేలలేదు. పిల్లలు దిగుతామని ఏడిస్తే పొచ్చెర తీసుకుపోదామనే తండ్రులున్నారు. ఎత్తు తక్కువ కదా అని. పొచ్చెరలో నీళ్లు దాదాపు 20 మీటర్ల ఎత్తు నుంచి పడతాయి, అక్కడి లోతూ చిన్నది కాదు. తడవాలని ఉంటే, నీళ్లు పల్చగా పారే చోట, ఊరి మనిషి చూపించిన చోట దిగండి. ఊరి మనిషిని అడగడానికి సిగ్గెందుకు? ఆయన మీ చుట్టమే అయి ఉంటాడు.

అడవి తొవ్వ గురించి రెండు మాటలు. కవ్వాల్ 2012 నుంచి పులుల రిజర్వు. రాత్రిపూట వాహనాలకు ఆంక్షలుంటాయి, చెక్‌పోస్టుల దగ్గర ఆపుతారు. చీకటి పడకముందే దాటేటట్టు బయలుదేరండి. మధ్యలో బండి ఆపి కోతులకు బిస్కెట్లు వేయవద్దు. కోతి రోడ్డుకు అలవాటు పడితే బండి కింద పడి చస్తుంది. సద్ది ఇంటి నుంచే కట్టుకోండి. జొన్నరొట్టె, పప్పు, పచ్చడి, మోదుగాకు విస్తళ్లు ఉంటే చెత్త మిగలదు. థర్మాకోల్ ప్లేట్లు మనం పారేసి వస్తే, రేపు ఆ ఊరి పశువు మేస్తుంది.

ఒకటి అడుగుతా, ఇది మాత్రం చేయండి. బండిలో ముందు సీటు డ్రైవర్ పక్కన ఎవరికి ఇస్తారు? ఎక్కువగా ఫోన్లో మ్యాప్ చూసేవాడికి. ఈసారి ఆ సీటు మీ ఇంట్లోని తాతకో, అవ్వకో ఇవ్వండి. మ్యాప్‌లో లేనివి వాళ్లు చెప్తారు. ఈ వాగు పేరు ఏమిటి, ఈ గుట్ట మీద ఎవరి పేన్ ఉంది, ఈ మర్రి కింద ఎవరు దిగేవాళ్లు, ఈ ఊరికి మన బిడ్డను ఎప్పుడు ఇచ్చాం. వెనక సీట్లో ఉన్న పిల్లలు ఫోన్లో రికార్డు చేయండి. రీల్ కోసం కాదు, ఇంటి కోసం. వంశ కథలు పాడే ప్రధాన్‌లు, కీక్రీ వాయించేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. వాళ్లు కనిపిస్తే బండి ఆపి, మర్యాదగా అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేయండి, చేతిలో ఏదైనా పెట్టండి. ఊరికే పాడించుకోవద్దు. పూజ జరిగే చోట కటోడా వద్దంటే కెమెరా దించేయండి. వాదించవద్దు.

మెస్రం వంశం కానివాళ్లు మాకేం సంబంధం అనుకోవద్దు. కొలాములకు భీమన్న ఉన్నాడు. నాయకపోడ్ పిల్లలకు బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా, మైసమ్మ జాతర ఉంది. కెరమెరి మండలం మహారాజ్‌గూడ గుహలో జంగుబాయి ఉంది, పుష్యంలో అక్కడికీ రెండు రాష్ట్రాల నుంచి వస్తారు. ఎవరి తొవ్వ వాళ్లకు ఉంది. ఒకరి తొవ్వలో ఇంకొకరు చుట్టంగా పోవచ్చు.

వచ్చే పుష్యంలో మెస్రంవాళ్లు ఝారి పట్టుకుని కలమడుగుకు వస్తారు. లక్సెట్టిపేట నుంచి జన్నారం దాకా బస్సు ఉంది, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయి. తేదీ తెలియగానే సంఘం గ్రూపులో పెడతాం. వచ్చేవాళ్లు తెల్లారకముందే రేవు దగ్గర ఉండాలి. చలి ఉంటుంది, పిల్లలకు స్వెట్టర్లు వేసుకురండి. నీళ్లు నింపేటప్పుడు దగ్గరికి తోసుకుపోవద్దు. వాళ్లు తిరిగి నడక మొదలుపెట్టినప్పుడు, పోగలిగినంత దూరం వాళ్ల వెనక నడవండి. మీ అవ్వతాతలను మాత్రం ఆటోలో కూర్చోబెట్టి వెనకాల తెండి.

రామ్ రామ్.