గెద్దని పట్టుకోవాలంటే ముక్కు కాదు, గోళ్ళు చూడండి

ఈ ఎపిసోడ్ గెద్దలు, డేగలు, గరుడ పక్షుల గురించి.

ఫారిన్‌లో కొన్ని నేచురల్ హిస్టరీ మ్యూజియాల్లో వాలంటీర్లు తోలు గ్లౌజు వేసుకుని డేగని చేతి మీద నిలబెట్టుకుంటారు, రీల్స్‌లో చూసే ఉంటారు. మనకీ ఈ విద్య కొత్తేం కాదు. హంపీ విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం ఉంది కదా, సాళువ అంటేనే వేటకి వాడే డేగ. కానీ ఇప్పుడు సరదాకి పెంచుతానంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

మరి నేర్చుకోవడం ఏటికి? గెద్దలు మన చేపల మార్కెట్ మీదే తిరుగుతాయి. కళింగపట్నం వైపు వెళ్తే గరుడ పక్షులూ కనిపిస్తాయి. చైనా మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా దారం ఇంకా దొరుకుతోంది. ఆ దారం రెక్కకి చుట్టుకుని ఒక గెద్ద మీ మేడ మీద పడిందనుకోండి. ఫారెస్ట్ వాళ్ళు వచ్చేదాకా అక్కడ ఉండేది మీరే.

పక్షుల్ని రెస్క్యూ చేసే ఒక అన్న దగ్గర నేను నేర్చుకున్నా. మొదటి వారం అంతా నాటుకోడి మీదే ప్రాక్టీస్! ఆయన చెప్పింది ఇదీ:

ముందు పిల్లల్ని, కుక్కల్ని దూరం పంపండి. మందపాటి తువ్వాలు తీసుకుని వెనక నుంచి తల మీద కప్పండి. చీకటి పడితే పక్షి నెమ్మదిస్తుంది. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి. మనకి దెబ్బ తగిలేది ఎక్కువగా గోళ్ళ వల్లే, అందుకే కాళ్ళు వదలకూడదు. దారం లాగొద్దు, లాగితే ఇంకా లోతుగా కోస్తుంది. అటూ ఇటూ కత్తిరించి, రెక్కకి చుట్టుకున్నది అలాగే వదిలేయండి.

చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. ఇనప పంజరం వద్దు, ఈకలు విరిగిపోతాయి. ఈకలు విరిగితే వేటాడలేదు, వేటాడలేకపోతే బతకదు. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం అసలే వద్దు. సెల్ఫీలూ వద్దు, మన మొహం చూస్తేనే దానికి భయం.

తర్వాత వెంటనే ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. చట్టం 48 గంటలు టైమిచ్చింది గానీ, పక్షికి అంత టైము ఉండదు. జాలిపడి ఇంట్లో పెంచుకుంటే దాన్ని కాపాడినట్టు కాదు. పట్టుకోవడం నేర్చుకునేది మళ్ళీ ఎగరనివ్వడానికే.

ఈ వీడియో ఆపి ఒక పని చెయ్యండి. మీ దగ్గరి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఉంటాను మరి!