మేడమీది ఏరియల్ లేకుండానే ఉచిత టీవీ



జీవనోపాధికై చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పట్టణాలకు వచ్చి అద్దె ఇళ్ళలో ఉంటున్న మనకు మేడపై హక్కు ఉండదు. పైన ఏమీ బిగించరాదని ఇంటి యజమాని అంటే, నెలనెలా కేబుల్ రుసుము తప్పదని అనేకుల భావన. అది అపోహ.

పాత ఏరియల్‌తో ఇక పనిలేదు. దూరదర్శన్ తన అనలాగ్ భూతల ప్రసారాలను 2022 నాటికి దాదాపుగా నిలిపివేసింది. 2004లో ఆరంభమై నేడు డీడీ ఫ్రీ డిష్‌గా పేరొందిన సేవ ఉపగ్రహం నుండి నేరుగా అందుతుంది. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే చాలు. నెలసరి రుసుము లేదు.

ఆ ఉపగ్రహం మన ఊళ్ళకు ఆగ్నేయ దిశలో, సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అందుచేత ఎదురింటి గోడ సాధారణంగా అడ్డురాదు. తలపైని స్లాబు అడ్డురావచ్చు. ఆగ్నేయపు ఆకాశం కనిపించే బాల్కనీ కమ్మీకో, పెరటి గోడకో డిష్ బిగించవచ్చు. గోడకు రంధ్రం వేయవలసివస్తే ముందుగా యజమాని అనుమతి పొందండి.

ఆ వసతి లేనివారికి ప్రసార భారతి 2024 నవంబరులో ఆరంభించిన వేవ్స్ యాప్ ఉంది; ఇంటర్నెట్ ఖర్చు మాత్రం మనదే.

కన్నడ లిపి చదవలేని పెద్దలు సప్తగిరి, యాదగిరిలలో వార్తలు విందురుగాక. పిల్లలు చందన చూచి ఈ నేల భాషను నేర్తురుగాక.