బడి వదలకుండా పెద్ద చదువు



గంగారం, కొత్తగూడ మండలాల గూడేల నుంచి వెళ్ళి, బడిలో పాఠాలు చెబుతూ విద్యాశాస్త్రంలో పీజీ చదివిన కొందరం కలిసి ఈ ప్రసంగం రాసుకున్నాం. మాలో ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలుగా చేరినవాళ్ళం ఉన్నాం, గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో ఎస్జీటీలుగా ఉన్నవాళ్ళమూ ఉన్నాం. బి.ఎడ్. అయిపోయిన తమ్ముళ్ళు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ముందు ఉద్యోగం చూసుకోవాలా, ఎం.ఎడ్. చదవాలా?" దానికి మాకు తెలిసినంతవరకు జవాబు చెబుతాం.

ముందుగా మన పరిస్థితి చూద్దాం. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నంబర్ 3 వల్ల ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే దక్కేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను షరతులతో కాపాడింది కానీ, ఆ తర్వాత చదువుకున్న మీకు ఆ నీడ లేదు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు రాష్ట్రమంతా పోటీ పడింది. జీవో కోసం, దానికి బదులు కొత్త చట్టం కోసం అడగడం మన హక్కు, అడుగుదాం. అడుగుతూనే చదువులో కూడా ఒక మెట్టు పైకి ఎక్కాలి.

అయితే ఒక మాట సూటిగా చెప్పాలి. డీఎస్సీ రాయడానికి ఎం.ఎడ్. అక్కర్లేదు. దానికి డి.ఎడ్. లేదా బి.ఎడ్., టెట్ చాలు. అందుకే ఇల్లు గడవని పరిస్థితి ఉంటే ముందు ఉద్యోగమే చూసుకోండి. మరి ఎం.ఎడ్. ఎందుకు? టీచర్లను తయారు చేసేవాళ్ళు కావడానికి. డైట్ లెక్చరర్, బి.ఎడ్. కళాశాల అధ్యాపకుడు కావాలంటే ఎం.ఎడ్. కావాలి, దానితో పాటు సబ్జెక్టులో పీజీ కూడా అడుగుతారు. యూజీసీ నెట్ రాసి, పీహెచ్.డి. దాకా వెళ్ళే దారి కూడా ఇదే.

ఇక ఎలా చదవాలి? మేం మూడు దారుల్లో నడిచాం.

మొదటిది, ఉద్యోగానికి ముందే రెగ్యులర్ ఎం.ఎడ్. సీపీగెట్ రాసి కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలల్లో చేరవచ్చు. 2015 నుంచి ఇది రెండేళ్ళ కోర్సు. తరగతులకు 80 శాతం, క్షేత్ర శిక్షణకు 90 శాతం హాజరు ఉండాలని ఎన్‌సీటీఈ నిబంధన. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకుని, హాస్టల్‌లో ఉండి చదివినవాళ్ళం మాలో ఉన్నాం.

రెండోది, ఉద్యోగంలో చేరాక శాఖ అనుమతి తీసుకుని, సెలవు పెట్టి చదవడం. దీనికి జీతం, సర్వీసు లెక్కలు ముందే అడిగి తెలుసుకోవాలి. అనుమతి కాగితం చేతికి వచ్చాకే అడ్మిషన్ తీసుకోవాలి.

మూడోది, ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ దూరవిద్యలో చదవడం. ఏదైనా డిగ్రీ ఉంటే చేరవచ్చు. రెండేళ్ళలో పూర్తి చేయవచ్చు, వీలు కాకపోతే నాలుగేళ్ళ వరకు సమయం ఉంటుంది. నెట్‌కు ఇది పనికొస్తుంది కానీ, ఎం.ఎడ్. అని స్పష్టంగా అడిగిన చోట సరిపోదు. చేరే ముందే ఈ తేడా తెలుసుకోండి.

"మీరు రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అని చెప్పేవాళ్ళు కూడా మీకు ఎదురవుతారు. ఆ దారిలోకి పోవద్దు. ఒకే రోజు బడి రిజిస్టర్లో, కాలేజీ రిజిస్టర్లో మన సంతకం ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలన రోజు రెండూ పోతాయి.

కష్టం లేదని మేం చెప్పం. కొత్తగా చేరిన టీచర్‌కు లెసన్ ప్లాన్లు, హాస్టల్ డ్యూటీ, రాత్రి స్టడీ అవర్ ఉంటాయి. పుస్తకం తీసేసరికి రాత్రి పది దాటుతుంది. పరీక్ష ఉంటే నర్సంపేట మీదుగా హనుమకొండ పోయే బస్సు కోసం తెల్లవారకముందే లేవాలి. తునికాకు రోజుల్లో ఇంటి దగ్గర పని ఉంటుంది, అదే రోజుల్లో పరీక్షలు కూడా వస్తాయి. మా అమ్మానాన్నలు "కట్టలు మేం కడతాం, నువ్వు పోయి రాయి బిడ్డా" అని పంపారు. ఆ మాట లేకపోతే ఈ డిగ్రీ లేదు.

బడి, చదువు రెండూ కలిసి సాగడంలో ఒక లాభం కూడా ఉంది. పొద్దున బడిలో ఎదురైన ప్రశ్నకు రాత్రి పుస్తకంలో జవాబు వెతుక్కుంటాం. కోయ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన ఒకటో తరగతి పిల్ల "ఏరు" అంటే, దాహమేసి నీళ్ళు అడుగుతోందని మనకు తెలుస్తుంది. తెలుగు ఒక్కటే తెలిసిన టీచర్‌కు అది వాగు అన్నట్టు వినిపిస్తుంది. ఆ పిల్ల మొద్దు కాదు, బడి భాష వేరు, అంతే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో చెబుతోంది. ఆ మాట మన గూడెం బడిలో ఎంతవరకు అమలవుతోందో లెక్కతో రాసి చూపించేది ఎవరు? ఎం.ఎడ్.లో డిజర్టేషన్ తప్పనిసరి. ఆ అంశాన్ని ఇక్కడి నుంచే తీసుకోండి. కోయ పిల్లల మొదటి ఏడాది చదువు, తునికాకు, మిర్చి పనుల రోజుల్లో తగ్గే హాజరు, ఐదో తరగతి తర్వాత ఆగిపోయే ఆడపిల్లల చదువు, ఇవన్నీ మనం రాయవలసినవే. మన గురించి ఇన్నాళ్ళూ బయటివాళ్ళే ఎక్కువగా రాశారు.

పక్కనే ములుగులో సమ్మక్క సారక్క పేరుతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, 2024లో తరగతులు మొదలయ్యాయి. అందులో మన పిల్లలు విద్యార్థులుగా కూర్చుంటే సంతోషమే. బల్లకు అవతలి వైపు, అధ్యాపకులుగా నిలబడేది కూడా మనవాళ్ళే కావాలి. దానికి కావలసిన డిగ్రీలు ఇప్పటి నుంచే సంపాదించాలి.

ఫారం నింపడం దగ్గర నుంచి డిజర్టేషన్ దాకా ఏ సాయం కావాలన్నా మన సంఘంలో అడగండి. మా నోట్సు, మా పుస్తకాలు మీవే. వచ్చే ఏడాది ఈ సంచికలో ఇలాంటి ప్రసంగం మీలో ఒకరు రాయాలని కోరుకుంటున్నాం.

జై ఆదివాసీ!