ఆదాయము – వ్యయము
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

ఇప్పుడే పంచాంగ శ్రవణము విన్నాము. శాస్త్రిగారు ఒక్కొక్క రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని వరుసగా చదివినారు. ఆదాయము చెప్పి వ్యయము చెప్పని పంచాంగమును నేనింతవరకు చూడలేదు. ఎన్నికల ఉపన్యాసములలో మాత్రము ఆ మర్యాద కానరాదు. అధికార పక్షము ఆదాయమునే చదువును. ప్రతిపక్షము వ్యయమునే చదువును. రెండును కలిపి చదువుకొను భారము ఓటరుపై పడుచున్నది. మా సిరొంచ సీమను ఉదాహరణగా తీసికొని ఈ సంగతిని నాలుగు మాటలలో మనవి చేయుదును.

ఉగాది వేదికపై రాజకీయమేల యని కొందరు మిత్రులు శంకించిరి. నేను ఏ పక్షమునకును ఓటు అడుగుటకు రాలేదు. మనలో ఎక్కువమంది ఊరు విడిచినది పని కొరకే గదా! పనిని గూర్చిన మాట మనకు మొదట ఇంటి మాట. ఆ తరువాతనే రాజకీయము.

సిరొంచను ఎరుగనివారికి కొంచెము చెప్పవలెను. ప్రాణహిత గోదావరిలో కలియుచోట, కాళేశ్వరమునకు ఎదుటి ఒడ్డున ఉన్న ఊరది. ఇండ్లలో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవి పల్లెలలో గోండీ, మాడియా. 1860లో నిజాము ఆ సీమను ఆంగ్లేయులకు ఇచ్చెను. సిరొంచ ముఖ్యపట్టణముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి, 1874లో చాందా జిల్లాలో కలిసిపోయెను. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇన్ని మార్పులలోను మావారు ఉన్నచోటనే ఉండిరి. నా మట్టుకు నేను, చదువు ముగిసి పని వెదకుకొనుచు బయలుదేరిన నాడే వలసవాడనైతిని.

2024 ఏప్రిల్ 19న గడ్చిరోలి–చిమూరు లోక్‌సభ స్థానమునకు పోలింగు జరిగినది. ఆ వారము సెలవుపై నేను ఊరిలో ఉంటిని. టీ హోటలులో ఇద్దరు యువకులు వాదించుకొనుచుండిరి. ఇద్దరును డిగ్రీ చదివినవారే, ఇద్దరికిని ఉద్యోగము లేదు. ఒకడు, "నిరుద్యోగము 2017-18లో నూటికి 6.1, 2022-23 నాటికి 3.2కు దిగినది" అన్నాడు. రెండవవాడు, "ఆ 6.1 లెక్కను 2019 ఎన్నికలకు ముందు ఎందుకు దాచిరి? గణాంక సంఘములో ఇద్దరు సభ్యులు రాజీనామా చేయలేదా? ఓట్లు పడి ఫలితములు వచ్చిన తరువాత, మే 31న గదా బయటపెట్టినది!" అన్నాడు. ఇద్దరి మాటలును నిజమే.

బెంచీ చివర ఒక పెద్దమ్మ కూర్చుండి యున్నది. ఖమ్మము వైపు మిరప ఏరి అంతకు ముందు దినమే తిరిగి వచ్చినది. ఆమె మెల్లగా అడిగినది: "బిడ్డా, రెండు నెలలు మిరపకాయ ఏరొచ్చిన. ఇగ తునికాకు పడేదాక ఖాళీ. ఆకు పని పది పదిహేను దినాలు. వానలు పడ్డంక నాట్లు. మీ లెక్కల నాకు పని ఉన్నట్టా, లేనట్టా?"

ఇద్దరును నా వైపు చూచిరి. చదువుకొన్నవాడనని పేరే గాని, నాకును తెలియదు. సిగ్గుపడి తిరిగి వచ్చిన తరువాత ఆ సర్వే పద్ధతిని చదివితిని.

ఆ లెక్కలో గడచిన 365 దినములను చూతురు. ముఖ్యమైన పని లేకపోయినను, ఏడాదిలో 30 దినములు ఏదో ఒక పని చేసియుండిన చాలు, పని ఉన్నవారిలో చేర్తురు. వారపు లెక్కలోనైతే ఏడు దినములలో ఒక్క గంట చేసినను చాలును. ఇంటి పొలములో, ఇంటి కొట్టులో కూలి లేక చేసినదియు పనియే. ఇది ఒక పక్షము పన్నిన మోసము కాదు. అన్ని ప్రభుత్వముల కాలమునను నడచినదే. ఆ లెక్క ప్రకారము పెద్దమ్మకు పని ఉన్నది. కనుక 3.2 అబద్ధము కాదు. కాని ఆమె సంపాదన ఎన్ని నెలల బియ్యమునకు వచ్చినదో ఆ అంకె చెప్పదు.

అదే సర్వేలో తక్కిన అంకెలును ఉన్నవి. నెలజీతపు పనివారు 2017-18లో నూటికి 22.8 మంది యుండగా 2022-23లో 20.9, స్వయం ఉపాధివారు 52.2 నుండి 57.3, వ్యవసాయములో ఉన్నవారు 44.1 నుండి 45.8. పనిలోనికి వచ్చిన స్త్రీలు 23.3 నుండి 37కు పెరిగిరి. ఇది అభివృద్ధి యని ఒకరు, ఇల్లు గడవక వచ్చిరని ఒకరు అందురు. మా పెద్దమ్మను అడిగిన, రెండును కొంత నిజమనునేమో.

ఇక ప్రాజెక్టుల మాట. మా నదులపై ఆశలు క్రొత్తవి కావు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, గోదావరిలో ఎగువకు పడవలు నడిపించు పథకమునకును గట్టి సమర్థకుడు. ఆ పనులు కొన్నియేండ్లు సాగి 1871లో ఆగిపోయెను.

మన కాలములో మేడిగడ్డ. 2016లో రెండు రాష్ట్రములు ఒప్పందము చేసికొనెను. 2019 జూన్ 21న 85 గేట్ల బ్యారేజి ప్రారంభమయ్యెను. దాని ఒక కొన మహాదేవపూర్ వైపు, రెండవ కొన మా సిరొంచ తాలూకా పోచంపల్లి వైపు. ఎత్తిపోసిన నీరు ఆ ఒడ్డునకు. వెనుక నీటి ముంపు మా రైతుల చేలకును. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగెను. తెలంగాణ పోలింగునకు సరిగా 40 దినములున్నవి. నీళ్ళు, నిధులు, నియామకాలు అను నినాదముతో ఏర్పడిన రాష్ట్రములో నీళ్ళ లెక్కయు నియామకాల లెక్కయు ఒక్కసారి ఓటరు ముందుకు వచ్చెను. గ్రూపు-1 ప్రిలిమినరీ పరీక్ష ఆ ఒక్క యేడే రెండుసార్లు రద్దయినది. ఏడాదిలో 2 లక్షల ఉద్యోగములని కాంగ్రెసు వాగ్దానము చేసినది. ప్రభుత్వము మారినది. కాని చేలు మునిగిన మావారికి ఆ ఎన్నికలో ఓటు లేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము అక్కడి ఉద్యోగములలో నూటికి 95 స్థానికులకే. భాష ఒకటైనను మా పిల్లలు అక్కడ స్థానికేతరులు.

మూడవది సూర్జాగఢ్ ఇనుప గని. 2016 డిసెంబరులో మావోయిస్టులు అక్కడ పదుల కొలది లారీలను తగులబెట్టిరి. 2021లో త్రవ్వకము మరల మొదలైనది. 2023లో ఏటికి కోటి టన్నుల అనుమతి వచ్చినది. గడ్చిరోలి ఉక్కు జిల్లా కాగలదని ప్రభుత్వము చెప్పుచున్నది. ఉద్యోగము దొరికిన ఇండ్లలో నెల జీతము వచ్చుచున్నది. దానిని చులకన చేయరాదు. అదే 2023లో తోడ్‌గట్టాలో గ్రామస్థులు అడవి కొరకు నెలల తరబడి నిరసన కూర్చుండిరి, దానిని మరువరాదు. ఇదియు ఆదాయ వ్యయములే.

2024 జూన్‌లో మా పార్లమెంటు స్థానము కాంగ్రెసునకు దక్కినది. నవంబరులో అహేరి శాసనసభ స్థానము అజిత్ పవార్ వర్గమునకు దక్కినది. తండ్రియు కుమార్తెయు వేరువేరు పక్షములుగా పోటీ చేసిరి. ఒకే ఇంట పక్షములు రెండైనప్పుడు, మనము పక్షము కొరకు బంధువులతో మాటలు మానుకొననక్కరలేదు.

ఓటు అడుగ వచ్చిన ఏ పక్షమునైనను మూడు ప్రశ్నలు అడుగుదము. మీరు చెప్పు ఉద్యోగములు ఏడాదిలో ఎన్ని దినములవి? ఏ ఊరివారికి, ఏ చదువునకు? వాటి కొరకు పొలమో అడవియో పోయిన వారికి ఏమి ఇచ్చితిరి? 2005 ఉపాధి హామీ చట్టము 100 దినములని చెప్పినది. దానికి బదులు 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టము 125 దినములని చెప్పుచున్నది. కాగితముమీది దినములెన్ని, చేతికి వచ్చిన దినములెన్ని యని అడుగు హక్కు మనకున్నది.

మన సంఘమునకు ఒక మనవి. మన సరిహద్దు పిల్లలు మరాఠీ పరీక్షలలో వెనుకబడుచున్నారు. కూలికి పోవువారు కార్డులు, దరఖాస్తులు వ్రాయించుకొనలేక తిరుగుచున్నారు. నెలకొక ఆదివారము ఇద్దరు సభ్యులు కూర్చుండి ఈ పని చేయవచ్చును. మొదటి ఆదివారము నేను వచ్చెదను.

సంవత్సరము పేరు పరాభవ. ఎన్నికలలో ఎవరో ఒకరు ఓడుట తప్పదు. ఎవరు గెలిచినను ఓడినను, ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు లేకపోయినచో ఆ పరాభవము మనదే యగును.