మంత్రసాని చేసిన రెండో పని



మొన్న మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి ఒక సంగతి అడిగారు. వాళ్లమ్మాయి అమెరికాలో ఉంటోంది. నెలలు నిండాయి. పురుడు పోయడానికి ఈవిడ వెళ్లాల్సింది, వీసా చేతికి రాలేదు. కూతురు ఫోన్ చేసి, "నువ్వు బెంగపెట్టుకోకమ్మా, ఇక్కడ డౌలాను మాట్లాడుకున్నాం" అందట. "డౌలా అంటే ఎవరండీ, మంత్రసానా?" అని ఆవిడ సందేహం. అవునంటే సగం అబద్ధం, కాదంటే సగం అబద్ధం. అందుకే ఆ జవాబును ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

ముందు మంత్రసాని సంగతి చూద్దాం. ఆవిడ చేసినవి రెండు పనులు. బిడ్డను పట్టుకోవడం, బొడ్డు కోయడం, మాయ పడేదాకా చూడటం మొదటి పని. ఇది చేతిపని. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ కేరుమనేదాకా కనబోయే పిల్ల పక్కనుంచి కదలకుండా ఉండటం రెండో పని. నడుం రాసేది, వేడినీళ్లు పోయించేది, నడిపించేది, ఒక్కోసారి కసిరేది కూడా. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అన్న సామెత మీరు వినే ఉంటారు. ఒకసారి ఒప్పుకున్నాక మధ్యలో చేతులు దులుపుకుని లేచిపోవడం ఆ పనిలో లేదు.

మొదటి పని ఆసుపత్రికి వెళ్లిపోయింది. వెళ్లాల్సిందే. రక్తం ఆగకుండా పోతున్నా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ అడ్డం తిరిగినా మంత్రసాని చేతిలో ఏమీ ఉండేది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 మంది. సగానికంటే తక్కువ. ఆసుపత్రి కాన్పుకు ఇందులో పెద్ద వాటా ఉంది.

మరి రెండో పని ఏమైంది? అది లేబర్ రూమ్ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ తలుపు బయటి వసారా మీకు తెలియనిది కాదు. బల్ల మీద అమ్మ, ఆమె ఒళ్లో ఫ్లాస్కు, కాళ్ల దగ్గర పాత చీర ముక్కలు కుక్కిన సంచి. అత్తగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటారు. మొగుడు మెట్ల దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటాడు. లోపల్నుంచి ఆయా తొంగిచూసినప్పుడల్లా ముగ్గురూ లేస్తారు, "ఇంకా కాలేదు" అనగానే కూర్చుంటారు. ఆ అమ్మాయి మాత్రం లోపల, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య, ఒంటరిగా. నర్సు తప్పేం లేదు. ఆవిడ ఒక్కతే మూడు నాలుగు మంచాలు చూడాలి, రికార్డులు రాయాలి, డాక్టరుకు కబురు పెట్టాలి. చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు.

ఈ ఖాళీలోకి వచ్చిన మనిషే డౌలా. గ్రీకు భాషలో ఆ మాటకు సేవకురాలని అర్థం. అమెరికా మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్ 1973లో తల్లిపాల మీద రాసిన పుస్తకంలో, బాలింతకు తోడుగా ఉండి చూసుకునే స్త్రీని ఈ పేరుతో పిలిచారు. తర్వాత అది కాన్పులో తోడుండే మనిషికీ పేరైంది. 1992లో అమెరికాలో డౌలాల సంఘం ఏర్పడింది, శిక్షణలు మొదలయ్యాయి. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పేదల ఆరోగ్య బీమాలో డౌలా సేవను కూడా చేర్చారు.

డౌలా కాన్పుకు ముందే ఒకటి రెండు సార్లు వచ్చి కలుస్తుంది. నొప్పులు ఎలా వస్తాయో, ఆసుపత్రిలో ఏమేం చేస్తారో చెబుతుంది. నీకు ఏం భయం, నీకు ఏం కావాలి అని అడుగుతుంది. నొప్పులు వచ్చాక పక్కనే ఉంటుంది. బిడ్డ పుట్టాక రొమ్ముకు పట్టించడంలో, ముర్రుపాలు తాగించడంలో సాయపడుతుంది. ఇక ఆవిడ చేయనివేమిటో కూడా వినండి. లోపలి పరీక్ష చేయదు. బీపీ చూడదు. బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టదు. మందు ఇవ్వదు. ఆపరేషన్ కావాలో వద్దో ఆవిడ తేల్చదు. అంటే మంత్రసాని మొదటి పని ఆవిడది కాదు, రెండోది మాత్రమే ఆవిడది. మిడ్‌వైఫ్ వేరు, డౌలా వేరు. మిడ్‌వైఫ్ కాన్పు చేయడానికి చదువుకున్న మనిషి.

"పక్కన కూర్చుంటే ఒరిగేదేముందండీ, మనశ్శాంతి తప్ప?" అని మీరు అనవచ్చు. డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. మార్షల్ క్లౌస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు, వాళ్ల సహచరులు గ్వాటెమాలా దేశంలో దీన్ని పరీక్షించి చూశారు. అక్కడి ఆసుపత్రిలోనూ తల్లులు ఒంటరిగానే కనేవాళ్లు. కొందరి పక్కన వైద్యశిక్షణ ఏమీ లేని ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె వాళ్లకు చుట్టం కాదు, అంతకుముందు పరిచయమూ లేదు. వెన్ను రాసింది, చెయ్యి పట్టుకుంది, మాట్లాడింది, అంతే. 1980లో వచ్చిన ఫలితాల్లో, ఏ చిక్కూ లేకుండా కన్నవాళ్లను పోల్చి చూస్తే, తోడులేని వాళ్లకు ఆసుపత్రిలో చేరాక కాన్పు అయ్యేసరికి సగటున 19 గంటలు పట్టింది. తోడున్న వాళ్లకు 9 గంటలే. పోల్చింది 40 మందినే కాబట్టి ఈ తేడాను అలాగే నమ్మేయక్కర్లేదు. కానీ ప్రశ్న మాత్రం లేచింది.

ఆ తర్వాత అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. దాని ఫలితాలు 1991లో వచ్చాయి. అందరూ తొలిచూలు తల్లులే. మూడు గుంపులు. ఒక గుంపుకు డౌలా తోడు. ఒక గుంపుకు మామూలు ఆసుపత్రి పద్ధతి. మూడో గుంపుది చిత్రమైన ఏర్పాటు. ఆ గదిలో ఒకావిడ ఓ పక్కగా కూర్చుని, ఎవరు వచ్చారు, ఏం చేశారు అని కాగితం మీద రాసుకుంటూ ఉంటుంది. తల్లితో మాట్లాడదు, తాకదు. ఫలితం ఏమిటంటే, తోడులేని గుంపులో నూటికి 18 మందికి సిజేరియన్ అయితే, డౌలా ఉన్న గుంపులో 8 మందికే అయింది. ఇంతవరకు ఊహించదగ్గదే. ఆ నోరు విప్పని ఆవిడ కూర్చున్న గుంపులో ఎంతో తెలుసా? 13. ఏమీ చేయకుండా, లేచి వెళ్లిపోకుండా గదిలో ఒక మనిషి ఉన్నందుకే అంత తేడా వచ్చింది.

17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను, 15 వేల మందికి పైగా తల్లుల వివరాలను ఒకచోట చేర్చి కోక్రేన్ సంస్థ పరిశోధకులు 2017లో బేరీజు వేశారు. తోడున్న తల్లులకు మామూలు కాన్పులు ఎక్కువ అయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. గ్వాటెమాలాలో కనిపించిన పది గంటల తేడా ఇక్కడ లేదు. కానీ నొప్పులు పడుతున్న మనిషికి 40 నిమిషాలు చిన్నవి కావు.

ఇది ఎలా జరుగుతుంది? గర్భసంచిని బిగించి వదిలి, బిగించి వదిలి బిడ్డను కిందికి తెచ్చేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. అది మెదడు నుంచి వస్తుంది. అదే మెదడు భయపడినప్పుడు ఒంట్లోకి ఎడ్రినలిన్ విడుదలవుతుంది. పాము కనిపిస్తే మనల్ని పరుగెత్తించేది ఇదే. పరుగెత్తాల్సిన సమయం కనడానికి సమయం కాదు కదా, అందుకని నొప్పులు సన్నగిల్లుతాయి. ఒళ్లు బిగుసుకుపోతుంది, నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. తెలిసిన గొంతు, చేతిలో చెయ్యి తెంచేది అక్కడే.

ఇప్పుడు, తోడుగా మీరే ఉన్నారనుకుని, ఒక్క నొప్పిని దగ్గర్నుంచి చూద్దాం. నొప్పులు బాగా ఊపందుకున్నాక పది నిమిషాలకు మూడో, అంతకంటే ఎక్కువో వస్తాయి, ఒక్కోటి ముప్పావు నిమిషం, నిమిషం ఉంటుంది. అలలా లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, దిగుతుంది. నొప్పి లేవగానే అమ్మాయిని మంచం అంచు పట్టుకుని ముందుకు వంగమనండి. మీరు వెనక నిలబడి, నడుం కింద, పిరుదుల పైన ఉన్న చదునైన ఎముక మీద అరచేతి మడమ ఆనించండి. రుద్దవద్దు. ఆమె చాలు అనేదాకా గట్టిగా, నిలకడగా నొక్కి పట్టండి. నోటితో నెమ్మదిగా గాలి వదలమనండి, మీరూ వదలండి, ఆమె మిమ్మల్ని చూసి అందుకుంటుంది. "దిగిపోతోంది, ఇది అయిపోయింది" అని చెప్పండి. మధ్యలో దొరికే విరామంలో గుక్కెడు నీళ్లు, రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లడం, నర్సు సరే అంటే నాలుగడుగులు నడవడం. వెల్లకిలా పడుకుని ఉండాల్సిన పని చాలామందికి లేదు.

అనకూడని మాటలూ ఉన్నాయి. "ఈ మాత్రానికే అరుస్తావేం?" అనకండి. "మేం కనలేదా పిల్లల్ని?" అసలు అనకండి. "ఇంకెంతసేపు?" అని ఆమె ముందు నర్సును అడగకండి. ఆ ప్రశ్న ఆమెకు గడియారం మోతలా వినిపిస్తుంది.

ఇంత చెప్పి, మనకు డౌలాలు ఎక్కడ దొరుకుతారు అంటారేమో. హైదరాబాదు లాంటి నగరాల్లో శిక్షణ పొందినవాళ్లు కొందరున్నారు, వాళ్ల రుసుము మనమే పెట్టుకోవాలి. కానీ రూపాయి ఖర్చులేని దారి ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లికి తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 ఫిబ్రవరిలో నిర్ణయించింది. తోడు రావాల్సింది ఆడ బంధువు, వీలైతే కాన్పు నొప్పులు తానూ పడిన మనిషి. తెరలు, గోప్యత ఉన్న లేబర్ రూముల్లో భర్తకూ అవకాశం ఉంది. ఆ తోడు శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, అంటువ్యాధులేవీ ఉండకూడదు, మొదట్నుంచి చివరిదాకా ఉండాలి, వైద్యంలో జోక్యం చేసుకోకూడదు, పక్క మంచాల జోలికి పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో, తల్లి కోరుకున్న మనిషి ఆమె పక్కన ఉండాలనే సిఫారసు చేసింది. ఇక్కడ "కోరుకున్న" అన్నదే ముఖ్యం. మేనత్తా, వదినా, అక్కా, ఎవరుండాలో చెప్పాల్సింది ఆ అమ్మాయే. పెద్దరికం చూసి మనం నిర్ణయించేది కాదు.

ఒక హెచ్చరిక. తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే అని ముందు చెప్పిన 2019-21 సర్వే చెబుతోంది. తోడుంటే ఇవన్నీ తగ్గిపోతాయని నేను చెప్పడం లేదు. వీటిలో చాలా ఆపరేషన్లు నొప్పులు మొదలు కాకముందే ముహూర్తం చూసో, భయం కొద్దీనో, ఇతర కారణాలతోనో ఖాయమవుతున్నాయి. నొప్పులే రాని చోట తోడుకు పని లేదు. అలాగే అవసరమైన సిజేరియన్ ప్రాణదాత, దానికి అడ్డుపడే తోడు తోడే కాదు. రక్తం పోతున్నా, ఉమ్మనీరు పచ్చగా కనిపించినా, తల పగిలిపోయే నొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా నడుం రాస్తూ కూర్చోకండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రిలో ఉంటే నర్సును కేకేయండి.

మా వీధి ఆవిడకు జవాబు ఇదీ. మంత్రసాని పనుల్లో రెండోదాన్ని మీ అమ్మాయికి డౌలా చేస్తుంది, మొదటిదాన్ని డాక్టరు, మిడ్‌వైఫ్ చేస్తారు. మీరు నిశ్చింతగా ఉండండి, పొద్దున్నే ఫోన్ మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఇక ఈ నెలలోనో, వచ్చే నెలలోనో ఇంట్లో కాన్పు ఉన్నవాళ్లకు ఒక మాట. తొమ్మిదో నెల చెకప్‌కు వెళ్లినప్పుడు స్కానింగ్ కాగితాలతోపాటు ఈ మూడు ప్రశ్నలు కూడా పట్టుకెళ్లండి. మా అమ్మాయి పక్కన లోపల ఎవరినైనా ఉండనిస్తారా? ఉండనిస్తే ఆ మనిషి ఏం వేసుకోవాలి, ఏం తెచ్చుకోవాలి? నొప్పులప్పుడు నడవనిస్తారా? ముందే అడిగితే నర్సమ్మకూ తేలిక, మీకూ తేలిక. నొప్పులు మొదలయ్యాక తలుపు దగ్గర వాదన పెట్టుకోవద్దు. ఎవరు లోపలికి వెళ్లాలో ఈ రాత్రే ఆ అమ్మాయిని అడిగి తెలుసుకోండి.